నల్లని ఎలుగును నల్లగానే చూపడం: మహేంద్రగిరి అంచుల్లో ఫోటో తీయడం నుంచి ఎడిటింగ్ దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు సాగే కొండదారుల్లోనూ, సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలోని మందస, సోంపేట, కవిటి మీదుగా సముద్రం దాకా పరుచుకున్న ఉద్దానం తోటల్లోనూ ఎలుగుబంటి ఎవరికీ కొత్త జంతువు కాదు. జీడిమామిడి పళ్ళు రాలే రోజుల్లో తోట కాపలాదారుల మాటల్లో వర్షం ఎంత మామూలుగా వస్తుందో ఎలుగు కూడా అంత మామూలుగా వస్తుంది. అయినా ఇక్కడ తీసిన ఎలుగు ఫోటోలను చూస్తే ఎక్కువ వాటిలో జంతువు ఉండాల్సిన చోట ఒక నల్లటి మచ్చ మాత్రమే ఉంటుంది. మెడ చుట్టూ జూలు, తెల్లని మూతి, ఛాతీ మీది వెన్నరంగు గీత, వంపు తిరిగిన గోళ్ళు ఏవీ కనిపించవు.

ఇందుకు కారణాలు రెండు: ఒకటి దూరం, రెండోది నలుపు. దూరం తగ్గిద్దామని దగ్గరికి వెళ్ళకూడదు, నలుపు పోగొడదామని ఎడిటింగ్‌లో బూడిదరంగు చేయకూడదు. ఈ రెండు హద్దులకు లోబడి మంచి ఫోటో ఎలా తీయవచ్చో, తీసినదాన్ని ఎలా తీర్చిదిద్దుకోవచ్చో నాకు అనుభవంలో తెలిసినంత వరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కెమెరా సంచి తెరవక ముందు

మన కొండల్లో ఉండేది పుట్టలు తవ్వి చెదపురుగులను, చీమలను తినే జాతి ఎలుగు. దాని చూపు, వినికిడి అంత చురుకైనవి కావు గాని వాసన పసిగట్టే శక్తి మాత్రం చాలా ఎక్కువ. అందుకే మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా అది గమనించదు. గమనించిన క్షణంలో పారిపోవడానికి బదులు మీదికి దూకుతుంది, ఎక్కువగా తలనూ ముఖాన్నీ గాయపరుస్తుంది. మా ప్రాంతంలో ఎలుగు దాడిలో చూపు పోగొట్టుకున్నవారు, ముఖం మీద మచ్చలతో బతుకుతున్నవారు ఉన్నారు. వారిలో ఒక్కరిని చూసినా, ఇంకో పది అడుగులు ముందుకు వేస్తే ఫ్రేము నిండుతుందన్న ఆలోచన మళ్ళీ రాదు.

అందువల్ల నేను పాటించే నియమాలు కొన్ని ముందుగా చెబుతాను. ఎలుగు కోసం నడుస్తూ వెతకను. వాహనంలో గాని, మంచె మీద గాని, అటవీ సిబ్బంది చూపించిన చోట గాని కూర్చుని ఎదురుచూస్తాను. అక్కడికి వెళ్ళేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు తోడు ఉన్నవారితో మామూలు గొంతుతో మాట్లాడుతూ నడుస్తాను, ఎందుకంటే మలుపులో హఠాత్తుగా ఎదురుపడటమే అన్నిటికన్నా ప్రమాదకరం. జంతువుకూ నాకూ మధ్య కనీసం వంద మీటర్లు ఉండాలి, అది కొండకు తిరిగి వెళ్ళే దారికి నేను అడ్డుగా ఉండకూడదు. పిల్లలు వెంట ఉన్న తల్లి ఎలుగు కనిపిస్తే ఆ దూరం కూడా చాలదు. మన దేశంలో ఎలుగులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఈనుతాయి కాబట్టి ఆ కాలంలో బండరాళ్ళ గుహల వైపు అడుగు కూడా పెట్టను.

అనుమతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అభయారణ్యంలో ఫోటోలు తీయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్ళాలన్నా ముందుగా డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసులో అడగడమే మంచిది. ఎలుగుబంటి ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ చట్టం ఇచ్చిన వేట నిర్వచనంలో జంతువును చంపడం, పట్టడం మాత్రమే కాక తరమడం, ఎర వేయడం కూడా ఉన్నాయి. పనసపండు కోసి పెట్టి ఎలుగును రప్పించి ఫోటో తీయడం చట్టరీత్యా ఎర వేయడమే. అంతకన్నా ముఖ్యంగా, మనిషి వాసన ఉన్నచోట తిండి దొరుకుతుందని నేర్చుకున్న ఎలుగు రేపు ఊరి పెరట్లోకి వస్తుంది. అప్పుడు జరగబోయే దానికి ఆ ఫోటో తీసినవారే బాధ్యులవుతారు.

ఊళ్ళోకి ఎలుగు వచ్చిందని కబురు వచ్చినప్పుడు కెమెరా తీసుకుని పరుగెత్తవద్దు. చుట్టూ జనం మూగి, కేకలు వేస్తూ, రాళ్ళు విసురుతూ దాన్ని గోడకూ గుంపుకూ మధ్య ఇరికించిన సందర్భాల్లోనే మనుషులూ పోయారు, ఎలుగులూ పోయాయి. ఆ సమయంలో మనం చేయగలిగింది అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, తెలిసినవారిని ఇళ్ళలోనే ఉండమనడం.

ఏ కాలంలో, ఏ వైపు కూర్చోవాలి

ఎలుగు తిండి వెంట తిరుగుతుంది కాబట్టి చెట్లను తెలుసుకుంటే దాని రాక కూడా తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే చోట్లకు, ఏప్రిల్, మే నెలల్లో జీడిమామిడి తోటలకు, ఆ వెంటనే పనసచెట్ల కిందికి, జూన్‌లో నేరేడు దగ్గరికి వస్తుంది. వానాకాలంలో మన్ను మెత్తబడి పుట్టలు తవ్వడం సులువవుతుంది గాని పొదలు ఏపుగా పెరిగి జంతువును కప్పేస్తాయి. ఫోటోకు నేను ఎంచుకునేది వేసవే. ఎండ వేళ ఎలుగు బండరాళ్ళ నీడలో పడుకుని, సూర్యాస్తమయానికి కాస్త ముందో వెనుకో కిందికి దిగుతుంది. మే నెలలో ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు ఆరుంబావుకు అవుతుంది కాబట్టి మనకు పనికొచ్చే వెలుతురు అరగంటకు మించి ఉండదు.

ఆ అరగంటను కాపాడేది మీరు కూర్చునే చోటే. కొత్తలో నేను తోటకు సముద్రం వైపు అంచున కూర్చుని కొండకేసి చూస్తూ ఉండేవాణ్ణి. ఎలుగు వచ్చేది కొండ నుంచే కదా అని నా లెక్క. మూడు సాయంత్రాలు ఖాళీగా గడిచాక తోట కాపలా చూసే పెద్దాయన నా పక్కన కూర్చుని, గుప్పెడు దుమ్ము తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. దుమ్ము నా మీదుగా కొండవైపు పోయింది. "గాలి మనకాడి నుంచి కొండకెల్తంది బాబూ, ఇయాల అది దిగదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు తప్పులు బయటపడ్డాయి. మొదటిది, నా వాసన నాకన్నా ముందే కొండ ఎక్కుతోంది. రెండోది, పడమట దిగుతున్న సూర్యుడికి ఎదురుగా కూర్చున్నాను కాబట్టి ఎలుగు వచ్చినా ఎదురు వెలుతురులో నల్లటి నీడగానే పడేది.

మహేంద్రగిరి ఈ తోటలకు పడమటి దిక్కున ఉంది. వేసవి సాయంత్రాల్లో గాలి ఎక్కువగా దక్షిణం నుంచో, సముద్రం వైపు నుంచో వీస్తుంది. కాబట్టి ఎలుగు నడిచే బాటకు ఉత్తరం వైపున, దూరంగా, దక్షిణానికి ముఖం పెట్టి కూర్చుంటే గాలి జంతువు మీది నుంచి మన వైపు వస్తుంది, సూర్యుడి వెలుతురు దాని పక్కనుంచి పడుతుంది. ఈ పక్క వెలుతురే ఎలుగు ఫోటోకు ప్రాణం. నల్లటి జూలులో ప్రతి పాయకూ ఒకవైపు వెలుగు, మరోవైపు నీడ ఏర్పడి, ఎదురుగా పడే వెలుతురులో గాని వెనుకనుంచి పడే వెలుతురులో గాని కనిపించని గరుకుదనం అప్పుడు కనిపిస్తుంది. గాలి దిక్కు రోజూ ఒకేలా ఉండదు కాబట్టి కూర్చునే ముందు ఆ గుప్పెడు దుమ్ము వదిలి చూడటం మాత్రం నేను మానలేదు.

తీసేటప్పుడు

లెన్సు విషయంలో ఎక్కువగా చెప్పేది లేదు. వంద మీటర్లకు పైగా దూరం నుంచి తీయాలి కాబట్టి 500 లేదా 600 మిల్లీమీటర్ల దాకా వెళ్ళే జూమ్ లెన్సు కావాలి. వాహనం కిటికీ మీదో మంచె అంచు మీదో పెట్టుకోవడానికి ఇసుక గాని శనగలు గాని నింపిన గుడ్డ సంచి ఒకటి ఉంటే ట్రైపాడ్ అవసరం ఉండదు. ఫ్లాష్ వాడవద్దు, టార్చి వేయవద్దు, డ్రోన్ ఎగరవేయవద్దు. రా ఫార్మాట్‌లోనే (సెన్సార్ నమోదు చేసినదాన్ని మార్చకుండా దాచే ఫైలు) తీయండి, ఎందుకంటే నల్లటి చోట్లలో దాగిన వివరాలను జేపెగ్ ఫైలు చాలావరకు పారేస్తుంది, తరువాత ఎంత ప్రయత్నించినా అవి తిరిగి రావు.

అసలు చిక్కు ఎక్స్‌పోజర్‌లో, అంటే ఫోటోకు ఎంత వెలుతురు తీసుకోవాలన్న దానిలో ఉంది. కెమెరాలోని మీటరు తాను చూసినదంతా మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. ఎలుగు ఫ్రేమును నింపినప్పుడు ఆ నలుపును కూడా బూడిదరంగు చేయబోయి, అవసరానికి మించి వెలుతురు తీసుకుంటుంది. దానివల్ల షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం) పడిపోతుంది, మూతి మీది తెలుపు వివరం లేకుండా కాలిపోతుంది. అదే ఎలుగు ఎండ పడుతున్న ఉద్దానం ఇసుక నేల మీద చిన్నదిగా కనిపించినప్పుడు మీటరు ఆ ఇసుకను చూసి వెలుతురు తగ్గించేస్తుంది, ఎలుగు నల్లటి గొయ్యిలా మిగులుతుంది. జంతువు ఒకటే అయినా సర్దుబాటు రెండు వైపులకూ ఉంటుంది. ఇసుక నేపథ్యంలో చిన్నదిగా ఉన్నప్పుడు మీటరు లెక్కను మనం సవరించే ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్‌ను ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచుతాను. ఫ్రేము నిండా ఎలుగే ఉండి, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించి, ఆ మిగులును షట్టర్ స్పీడ్‌కు వాడుకుంటాను. వెలుతురు ధారాళంగా ఉన్నప్పుడు మాత్రం కొంచెం ఎక్కువ వెలుతురుతోనే తీసి ఎడిటింగ్‌లో తగ్గించడం మేలు, ఎందుకంటే నీడల్లో నాయిస్ (ఫోటోలో గింజల్లా కనిపించే మచ్చలు) తక్కువగా ఉంటుంది. ఏ సందర్భంలోనైనా హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫు) ఎడమ గోడకు పూర్తిగా అతుక్కుపోకుండా, మూతి దగ్గర తెలుపు కాలిందన్న హెచ్చరిక మెరవకుండా చూసుకోవాలి.

ఫోకస్‌కు కూడా ఈ నలుపే అడ్డు. తేడా లేని నల్లటి పక్కభాగం మీద ఫోకస్ పాయింటు పెడితే లెన్సు ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. ఎలుగు కళ్ళు చిన్నవి, చుట్టూ జూలు నల్లగా ఉంటుంది కాబట్టి కొత్త కెమెరాల్లోని కన్ను గుర్తించే సదుపాయం కూడా చాలాసార్లు తడబడుతుంది. తెల్లని మూతికీ నల్లటి ముఖానికీ మధ్య ఉన్న అంచు మీద గాని, ఛాతీ మీద వీ ఆకారంలో ఉండే వెన్నరంగు గీత మీద గాని ఒకే చిన్న పాయింటు పెడితే వెంటనే పట్టుకుంటుంది.

కదులుతున్న ఎలుగుకు షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతైనా ఉండాలి. సూర్యాస్తమయం వేళకు 6.3 అపర్చర్‌తో (లెన్సు తెరుచుకునే మేర) ఆ స్పీడ్ కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) 2000 దాటుతుంది. మరో పావుగంటకు 6400 కూడా చాలదు. అప్పుడు స్పీడ్‌ను 160వ వంతు దాకా దించి, సంచి మీద లెన్సును గట్టిగా ఆనించి, అది తల కదపకుండా ఆగిన క్షణాల్లో నాలుగైదు ఫ్రేములు వరుసగా తీస్తాను. ఐఎస్ఓ ఎక్కువైతే వచ్చే నాయిస్‌ను తగ్గించుకోవచ్చు, కదలిక వల్ల అలికినట్టయిన జూలును బాగు చేసే మార్గం లేదు. ఎండలో కాగిన బండల మీదుగా తీసినప్పుడు వేడిగాలి అలల వల్ల వచ్చే మసకకూ అంతే, మందు లేదు. అందుకే మధ్యాహ్నం ఎంత స్పష్టంగా కనిపించినా నేను తీయను.

ఆ పెద్దాయన గాలి సంగతి చెప్పిన నాలుగో రోజు సాయంత్రం, ఉత్తరపు గట్టు మీద ఉన్న మంచె నుంచి, నూట ఇరవై మీటర్ల దూరంలో ఒక ఎలుగు పుట్ట తవ్వడం చూశాను. కంటికన్నా ముందు చెవికి తెలిసింది. మొదట గోళ్ళు గట్టి మన్నును గీకిన చప్పుడు, తరువాత బుస్సుమని దుమ్ము ఊదిన చప్పుడు, వెంటనే గొట్టంతో నీళ్ళు పీల్చినట్టు జుర్రున లాగిన చప్పుడు వినిపించాయి. ఈ ఎలుగుకు పై దవడలో ముందరి రెండు పళ్ళు ఉండవు. ముక్కుపుటాలను మూసుకుని, పెదవులను గొట్టంలా చాచి, ఆ సందులోంచి చెదపురుగులను పీల్చుకుంటుంది. దుమ్ము ఊదగానే తల పైకెత్తి తుమ్మినట్టు విదిలిస్తుంది. ఆ విదిలింపుకు ముందు అర సెకను పాటు ఆగుతుంది. ఎర్రమన్ను పట్టిన మూతి, దాని మీద పక్కనుంచి పడిన పసుపు వెలుతురు, మెడ జూలు అంచున మెరుపు అన్నీ ఆ అర సెకనులో ఉంటాయి. జంతువు అలవాటును వింటూ లెక్కపెట్టుకోవడం వల్లనే ఆ రోజు నాకు రెండు మంచి ఫ్రేములు దొరికాయి.

ఎడిటింగ్

ఎడిటింగ్‌కు కూర్చునే ముందు తెర వెలుగును తగ్గించండి. కళ్ళు చెదిరే వెలుగులో ఉన్న తెర మీద చక్కగా కనిపించిన నలుపు, అచ్చు వేసినప్పుడు బొగ్గులా వస్తుంది. నా మొదటి ఎలుగు ఫోటోను బరంపురంలో పెద్దదిగా అచ్చు వేయించినప్పుడు చేతికి వచ్చింది దాదాపు నల్లకాగితమే. తప్పు నా ల్యాప్‌టాప్ తెరదే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌గా లైట్‌రూమ్ వాడినా, డబ్బు పెట్టనక్కరలేని డార్క్‌టేబుల్ వాడినా క్రమం ఒకటే. మొదట నాయిస్ తగ్గించడం. లైట్‌రూమ్‌లోని కృత్రిమ మేధ డీనాయిజ్ చాలా శక్తిమంతమైనది గాని, పూర్తిగా వదిలేస్తే జూలును మైనపు ముద్ద చేస్తుంది, లేదా లేని వెంట్రుకలను అల్లుతుంది. నేను 30, 40 మధ్య ఆపి, నూటికి నూరు శాతం పెద్దది చేసి భుజం దగ్గరి జూలును చూసుకుంటాను. కొంచెం గింజ మిగిలినా ఫరవాలేదు.

తరువాత వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగును సరిచేయడం. సాయంత్రపు పసుపును పూర్తిగా తీసేయకూడదు, అది ఆ వేళ నిజంగా ఉన్న వెలుతురు. కాని ఎక్కువ ఐఎస్ఓలో తీసిన ఫోటోల నీడలను పైకి లేపినప్పుడు నల్లటి జూలులోకి ఊదారంగు చేరుతుంది. జంతువును మాస్క్‌తో (మార్పు ఆ భాగానికే పరిమితమయ్యేలా చేసే ఎంపికతో) ఎంచుకుని, నీడల్లోని సాచురేషన్‌ను (రంగు గాఢతను) మాత్రమే 15, 20 మేర తగ్గిస్తే అది పోతుంది. జూలుకు అంటిన ఎర్రమన్ను రంగు దానితోపాటు పోకుండా చూసుకోవాలి. ఆ మన్ను మన నేలది, ఫోటోలో అది ఉండాలి.

ఇక నలుపు. ఇక్కడే చాలామంది ఫోటోను చేజేతులా పాడుచేసుకుంటారు. వివరాలు కనిపించాలన్న తొందరలో షాడోస్ స్లైడర్‌ను నూరు దాకా లాగుతారు, ఎలుగు సిమెంటు దుమ్ములో పొర్లినట్టు తయారవుతుంది. నేను చేసే పద్ధతి వేరు. ఎలుగును మాస్క్‌తో ఎంచుకుని షాడోస్‌ను 25, 35 మధ్యకు మాత్రమే లేపుతాను, వెంటనే బ్లాక్స్‌ను మైనస్ 10, 15 దాకా దించుతాను. మొదటిది జూలు పాయలను వెలికి తీస్తుంది, రెండోది పాయల మధ్య సందులను తిరిగి నల్లగా చేస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా వల్లనే కంటికి జూలు గరుకుదనం తెలుస్తుంది. జంతువు ఒంటి మీద ఎక్కడో ఒకచోట, చంక కిందో కడుపు కిందో, నిజమైన నలుపు మిగిలి ఉండాలి. అది లేకపోతే ఎంత వివరం ఉన్నా అది ఎలుగులా కనిపించదు.

టెక్స్‌చర్‌ను 10, 15 మేర పెంచితే జూలుకు మంచిది. క్లారిటీని మాత్రం జంతువు మీద వాడను, వెంట్రుకల చుట్టూ మురికి అంచులు వస్తాయి. మూతి తెల్లగా కాలినట్టుంటే హైలైట్స్‌ను ఆ చోట మాత్రమే తగ్గించాలి. కంటి మీద చిన్న వలయపు మాస్క్ పెట్టి ఎక్స్‌పోజర్‌ను 0.2 లేదా 0.3 పెంచడం దాకా న్యాయమే. కంట్లో లేని మెరుపును గీయడం అబద్ధం. షార్పెనింగ్ చేసేటప్పుడు ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని మాస్కింగ్ స్లైడర్‌ను జరిపితే ఏ అంచులకు పదును వస్తోందో నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. జూలు, మూతి, గోళ్ళు తెల్లగానూ, వెనుక మసకగా ఉన్న తోట నల్లగానూ కనిపించేదాకా జరిపి వదిలేయాలి.

క్రాప్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 24 మెగాపిక్సెల్ ఫైలును పొడవులోనూ వెడల్పులోనూ సగానికి కోసినా 3000 పిక్సెళ్ళ వెడల్పు మిగులుతుంది, పది అంగుళాల అచ్చుకు అది సరిపోతుంది. అయినా ముఖం దాకా కోసేయకుండా పుట్టనూ, జీడిమామిడి కొమ్మనూ, వెనుక కొండ అంచునూ ఫ్రేములో ఉంచడమే నాకు ఇష్టం. దూరం నుంచి తీసిన ఫోటో దూరం నుంచి తీసినట్టే కనిపిస్తే, చూసినవారు తామూ దగ్గరికి వెళ్ళి తీయవచ్చని అనుకోరు. సెన్సార్ మీది దుమ్ము చుక్కలను చెరిపేయవచ్చు. ముఖానికి అడ్డొచ్చిన పుల్లను, తోట కంచెను చెరిపేయకూడదు. ఎలుగు ఈ రోజుల్లో కంచెల మధ్య బతుకుతున్నది నిజమే కదా.

అచ్చుకు పంపే కాపీని తెర కాపీ కన్నా ఎక్స్‌పోజర్‌లో 0.2 లేదా 0.3 పెంచి వేరుగా భద్రపరచండి. మ్యాట్ కాగితం నలుపును ఇంకా ఎక్కువగా మింగుతుంది కాబట్టి ముందు చిన్న సైజులో ఒక నమూనా అచ్చు తీయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పట్టుకుని చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టే కాపీ పొడవు 2048 పిక్సెళ్ళు ఉంటే చాలు, రంగుల స్పేస్‌గా మామూలు తెరలకు సరిపడే ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి.

పెట్టేముందు ఫైలులోని జీపీఎస్ వివరాలను తీసేయండి. ఫోన్‌తో జతచేసిన కెమెరాలు మనకు తెలియకుండానే చోటును ఫైలులో రాస్తాయి. పిత్తాశయం కోసం ఎలుగులను చంపే వేటగాళ్ళకు ఆ అంకెలు చాలు. శీర్షికలో నేను జిల్లా పేరు, నెల, ఎంత దూరం నుంచి తీసినదీ రాస్తాను. గ్రామం పేరు, తోట పేరు రాయను, నేపథ్యంలో గుర్తుపట్టగల గుడి గోపురమో నీళ్ళ ట్యాంకో పడితే ఆ ఫ్రేమును బయట పెట్టను. అసలు రా ఫైళ్ళను మాత్రం తేదీ, గాలి దిక్కు, ఏ చెట్టు కింద అన్న వివరాలతో రెండు హార్డ్ డిస్కుల్లో దాచుకుంటాను, వచ్చే వేసవిలో ఏ వారం ఏ గట్టున కూర్చోవాలో నాకు చెప్పేవి అవే.